తోరిబియా నొక్కని జవాబు

అదే మీరైతే ‘సి’ మీద నొక్కేసి ఊరుకునేవాళ్ళు కదూ? అలా మొహం తిప్పుకోకండి, తప్పేం లేదు. మా పుకాపంపలో అందరూ అదే చెప్పారు. మొగుడు చెప్పాడు, నర్సు చెప్పింది, సంతలో ఉల్లిపాయలమ్మే ఆవిడ కూడా చెప్పింది. “నొక్కెయ్యవే తల్లీ, వేలేం అరిగిపోతుందా?” అని. ఆ ఉల్లిపాయలావిడకి పరీక్షేంటో తెలీదు, ప్రశ్నేంటో తెలీదు, అయినా చెప్పింది.

తోరిబియా నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో తెలియాలంటే ముందు మనిషి తెలియాలి.

తోరిబియా మా ఆరోగ్య కేంద్రంలో టెక్నీషియన్. పేరు పెద్దగా ఉందని పెద్ద ఉద్యోగం అనుకునేరు. సూది వేసేది ఆవిడే, కాన్పు దగ్గర వెనకనించి నడుం పట్టేది ఆవిడే, రెండు గదులూ తుడిచేది ఆవిడే, పొయ్యిలోకి, మేం ఉన్నికి పెంచుకునే అల్పాకాల పేడ ఎండబెట్టేదీ ఆవిడే. నర్సులు తీరం నించి వస్తారు, గవర్నమెంటు చెప్పిన ఏడాది చేస్తారు, రోజులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతారు. తోరిబియా ఎక్కడికి పోతుంది? ఇక్కడే పుట్టింది, ఇక్కడే గొర్రెలు కాసింది, కింద యానమయో పట్నంలో రెండేళ్ళు చదివి మళ్ళీ ఇక్కడికే వచ్చింది. ఇరవై రెండేళ్ళయింది. పొట్టి మనిషి, రెండు జడలు, గొంతు మాత్రం లోయ అవతలికి వినపడుతుంది.

ఆవిడకో అలవాటుంది. పిల్లల్ని నెలకోసారి బరువు తూయడానికి తెస్తారు కదా, అప్పుడు వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి ఎంతొచ్చిందో పిల్ల కార్డు మూల పెన్సిల్‌తో రాస్తుంది. ఒళ్ళు బాగున్నప్పటి అంకె అది. కార్డులో దానికి గడి లేదు, రాయమని ఎవరూ చెప్పలేదు. “పిల్లకి జబ్బు చేశాక ఎంతుందో చూస్తే ఏం లాభం? జబ్బు లేనప్పుడు ఎంతుందో తెలియాలి కదా. గొర్రె చిక్కిందని ఎట్లా చెప్తాం? అంతకుముందు చూశాం కాబట్టే కదా” అంటుంది.

మేముండేది నాలుగున్నర వేల మీటర్ల ఎత్తులో. ఇక్కడ గాలి పల్చన. బాగా ఉన్నవాళ్ళకే ఎనభై ఆరు, ఎనభై ఏడు ఉంటుంది. అదే మాకు నిండు ఆరోగ్యం.

ఆ సంగతి తెలియక ఒడాలిస్ ఏం చేసిందో చెప్తాను వినండి. ఒడాలిస్ అంటే పోయినేడాది వచ్చిన నర్సు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, సముద్రం పక్కన పుట్టింది. వచ్చిన మర్నాడు తల నొప్పెడుతోందని తన వేలికే క్లిప్పు పెట్టుకుంది. ఎనభై మూడు! అంతే, మాకున్న ఒకే ఒక్క సిలిండరు తిప్పి, మాస్కు పెట్టుకుని, బల్లమీద పడుకుంది. తోరిబియా లోపలికొచ్చేసరికి కళ్ళమ్మట నీళ్ళు.

“తోరిబియమ్మా, నేను చచ్చిపోతున్నాను.”

“చచ్చిపోయేవాళ్ళు ఇంత గట్టిగా చెప్పరు నర్సమ్మా.” సిలిండరు కట్టేసి, తన వేలికి క్లిప్పు పెట్టుకుని చూపించింది. ఎనభై ఆరు. పేడ బస్తా దింపడానికొచ్చిన మొగుడు అనక్లెతోని పిలిచి ఆయన వేలికీ పెట్టింది. ఎనభై ఏడు. “చూశావా? నీ లెక్కన మేమిద్దరం చచ్చి ఇరవయ్యేళ్ళయింది. లేచి కోకా ఆకు నీళ్ళు తాగు, తలనొప్పి పోతుంది.”

అనక్లెతో బస్తా భుజానికెత్తుకుంటూ, “చచ్చినా నాకు పని తప్పలేదన్నమాట” అని పోయాడు.

ఇక క్లాసుల సంగతి. సెప్టెంబరులో పైనించి కాయితం వచ్చింది. కొండల్లో పనిచేసే టెక్నీషియన్లు, నర్సులు అందరూ ఫోన్లో క్లాసులు వినాలి. పన్నెండు మంగళవారాలు, మధ్యాహ్నం మూడింటికి. చివర్న పరీక్ష. పాసైతే సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టు లేకపోతే డిసెంబరు ఆఖరుకి కాంట్రాక్టు అయిపోయినట్టే, మళ్ళీ రాయరు.

తోరిబియాకి క్లాసులంటే గిట్టదని మాత్రం అనుకోకండి. సంతోషంగా వెళ్ళేది. ఎక్కడికి వెళ్ళేది అంటారా? మా ఊళ్ళో సిగ్నల్ వచ్చేది ఒకే చోట, కొండమీద రాళ్ళ దొడ్డి పడమటి మూల. అక్కడ రాయికి వీపు ఆనించి కూర్చుంటే బొమ్మ కదుల్తుంది, రెండడుగులు జరిగితే బిగుసుకుపోతుంది. చలికి ఫోన్లో బ్యాటరీ చచ్చిపోతుందని ఉడకబెట్టిన బంగాళాదుంపలు నాలుగు గుడ్డలో మూటగట్టి, వాటి మధ్యన ఫోను పెట్టుకుని, రొమ్ము మీద దోపుకుని ఎక్కేది. క్లాసయ్యేసరికి ఫోనూ బతికేది, ఆకలీ తీరేది.

మొదట్లో ఓసారి, చివర్లో ఓసారి కెమెరా ముందు మొహం చూపిస్తేనే హాజరు. ఒక మంగళవారం ఈవిడ దుంప ఒలుచుకుంటుంటే అల్పాకా ఒకటి వచ్చి ఫోన్లో మూతి పెట్టింది. హాజరు పడింది. అదే క్లాసులో ఇంకో కొండ మీదనించి హిలారియో అని ఒక టెక్నీషియన్ ఉంటాడు, నోరూరుకోదు. “పుకాపంపలో కొత్త టెక్నీషియన్ వచ్చినట్టుంది. పాతావిడకంటే పళ్ళు బాగున్నాయి” అన్నాడు. రెండొందల మంది నవ్వారంట.

నేర్చుకుంది కూడా. పుట్టగానే ఏడవని బిడ్డకి గాలి కొట్టడం ఎలాగో అక్కడే నేర్చుకుంది. ఉన్ని మేజోడులో ఊక కూరి బొమ్మ చేసుకుని దానికి వారం రోజులు ఇంట్లో గాలి కొట్టింది. అనక్లెతో అన్నం ముందు కూర్చుని “నీ మేజోడుకి ప్రాణం వస్తే నాకు రెండో మేజోడు ఎక్కడుందో అడుగు” అనేవాడు.

తగాదా వచ్చింది ఐదో క్లాసులో.

చెప్పేది డాక్టర్ ఉగార్తె. రాజధాని లీమాలో ఉంటాడు, పెద్దమనిషి, మాట మెత్తన. ఆ రోజు పిల్లల ఊపిరి జబ్బుల పాఠం. “క్లిప్పులో తొంభై రెండు కంటే తక్కువ కనిపించిందా, ఆక్సిజన్ పెట్టండి, పెద్దాసుపత్రికి పంపండి. ఆలోచిస్తూ కూర్చోకండి” అన్నాడు.

తోరిబియా దుంప పక్కన పెట్టి చాట్లో రాసింది. “డాక్టర్ గారూ, మా ఊళ్ళో తొంభై రెండు ఎవరికీ ఉండదు. నాకూ లేదు.” కింద హిలారియో, “నాకూ లేదు. మా మేయరుకీ లేదు, ఆయన బానే తింటున్నాడు” అని రాశాడు. ఆ పైన రెండొందల మంది రాతలు పడి ఇవి ఎక్కడికో కొట్టుకుపోయాయి. డాక్టరు చూళ్ళేదు. పాఠం అయిపోయింది.

అక్కడితో పోతే నేనీ కథ చెప్పేదాన్నే కాదు.

తర్వాతి వారం తోరిబియా టీకాల పెట్టె మోసుకుని పైపల్లెకి పోయింది, రెండ్రోజులు. కేంద్రంలో ఒడాలిస్ ఒక్కతే. సబాస్తా అని గొర్రెలు కాసుకునే మనిషి నాలుగేళ్ళ కూతురు లుస్మిలాని తీసుకొచ్చింది. జలుబు. ముక్కు కారుతోంది, అంతే. పిల్ల బల్ల కింద దూరి ఆడుతోంది. ఒడాలిస్ క్లిప్పు పెట్టింది. ఎనభై ఆరు.

పాపం ఆ పిల్లని తిట్టకండి. ఒంటరిగా ఉంది, భయంగా ఉంది, చెవిలో డాక్టరు మాటే మోగుతోంది. తన ఎనభై మూడు గుర్తుకు రాలేదా అంటే, వచ్చిందట. “నేను పెద్దదాన్ని, అది పసిపిల్ల. ఏమైనా అయితే?” అనుకుందట. ఆక్సిజన్ పెట్టింది. బంగాళాదుంపల లారీ ఆపి, సిలిండరుతో సహా తల్లినీ పిల్లనీ ఎక్కించింది. ఏడు గంటల ప్రయాణం. యానమయో ఆసుపత్రిలో డాక్టరు చూసి, “ముక్కు తుడవండమ్మా” అన్నాడట. అంతే వైద్యం.

సబాస్తా మూడో రోజు తిరిగొచ్చేసరికి నక్క మందలో పడి రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది. సరాసరి కేంద్రం గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“నర్సమ్మా, మా పిల్ల ముక్కు కారితే మమ్మల్ని ఊరు దాటించావు. నక్క మాత్రం మందలోనే ఉంది. దానికెంతుందో క్లిప్పు పెట్టి చూశావా?”



అసలు దెబ్బ అది కాదు. సిలిండరు ఖాళీ అయిపోయింది. కొత్తది రావడానికి ఇంకా తొమ్మిది రోజులు. ఐదో రోజున ఏడు నెలల మగబిడ్డని తెచ్చారు. కార్డు మీద పెన్సిల్‌తో ఎనభై ఏడు. ఇప్పుడు క్లిప్పులో అరవై ఎనిమిది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి, పెదాలు నీలం. ఇది జబ్బు. ఆక్సిజన్ ఇదిగో ఇలాంటివాడికి కావాలి. సిలిండరు తిప్పితే గాలి చప్పుడు కూడా రాలేదు.

తోరిబియా వాడికి సూది వేసి, దుప్పటిలో నిటారుగా రొమ్ముకి కట్టుకుని, మేయరుగారి బండి తలుపు లాగి ఎక్కింది. “కిందకి తోలు. ఎంత కిందకి దిగితే అంత గాలి” అంది డ్రైవరుతో. మలుపు మలుపుకీ వాడి వీపు రాస్తూ, పేరు పెట్టి పిలుస్తూ, నాలుగున్నర గంటలు. వాడు బతికాడు. ఇప్పుడు పాకుతున్నాడు, పేడ తింటున్నాడు. కానీ దార్లో రెండుసార్లు ఊపిరి ఆపాడు. ఆ రెండుసార్ల గురించి తోరిబియా ఎవరితోనూ మాట్లాడదు. డ్రైవరు చెప్తే తెలిసింది.

తిరిగొచ్చాక ఒడాలిస్ ఏడుస్తూ కాళ్ళ దగ్గర కూర్చుంది.

“నన్ను తిట్టండి తోరిబియమ్మా.”

“నిన్నెందుకు తల్లీ? నేర్పినట్టే చేశావు. తప్పు నీది కాదు, ఆ అంకెది. దాన్నే తిడతాను.”

నవంబరు మధ్యలో పరీక్ష తెరిచారు. నలభై ప్రశ్నలు, మూడు అవకాశాలు, డిసెంబరు పదిహేనున మూసేస్తారు. తోరిబియా దొడ్డి మూల కూర్చుని పదహారు ప్రశ్నలు గబగబా చేసేసింది. పదిహేడోది ఇదీ:

నాలుగేళ్ళ పాప. జలుబు. ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది. ఛాతీ లోపలికి పోవడం లేదు. ఆడుకుంటోంది. ఆక్సిజన్ ఎనభై ఏడు. ఏం చేస్తారు? ఎ, మందు బిళ్ళలిచ్చి పంపడం. బి, ఇంటికి పంపి రెండు రోజుల్లో మళ్ళీ చూడడం. సి, ఆక్సిజన్ పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి పంపడం.

“ఇది మన లుస్మిలానే” అనుకుంది తోరిబియా. బి నొక్కింది. మిగతావి కూడా చేసింది. చివర్న ఎర్రగా వచ్చింది. ముప్పై తొమ్మిది ఒప్పులు, ఒక తప్పు. కానీ పదిహేడోది ప్రాణాపాయ ప్రశ్నట. అది తప్పితే అన్నీ తప్పినట్టే.

వారం తర్వాత మళ్ళీ ఎక్కింది. పదిహేడు దగ్గర చాలాసేపు కూర్చుంది. గాలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. మళ్ళీ బి. మళ్ళీ ఎరుపు.

ఇక ఊరంతా మీద పడింది. ఆ ఏడు మంచుకి బంగాళాదుంప చేలు నల్లగా మాడిపోయాయి. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆవిడ జీతమే దిక్కు. అనక్లెతో మంచివాడే, కానీ ఆకలికి మంచీ చెడ్డా ఉండవు.

“పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎట్లాగే?” అన్నాడు.

“నా కుందేలుకి నాలుగు కాళ్ళూ ఉన్నాయయ్యా. మూడంటున్నది వాళ్ళు.”

“నాలుగని నీ మనసులో అనుకో. కాయితమ్మీద మూడని రాయి. తిందాం.”

ఒడాలిస్ కూడా అదే పాట. “నేను సి నొక్కి పాసయ్యాను తోరిబియమ్మా. అక్కడ సి నొక్కండి, ఇక్కడ మీకు తెలిసింది చెయ్యండి. కొండెక్కి ఎవరు చూడొచ్చారు?”

తోరిబియా సూదులు ఉడకేస్తున్న గిన్నె మీద మూత పెట్టింది. “నువ్వు ఏడాది కాగానే వెళ్ళిపోతావు. ఇంకో పిల్ల వస్తుంది. నేనేమో ఎనభై ఏడుకి కంగారు పడకు అని చెప్తాను. నా సర్టిఫికెట్టేమో గోడమీదనించి కంగారు పడమని చెప్తుంది. ఆ పిల్ల ఈ పొట్టిదాన్ని నమ్ముతుందా, ముద్రేసిన కాయితాన్ని నమ్ముతుందా? నువ్వెవర్ని నమ్మావు?”

ఒడాలిస్ గిన్నె కింద మంట తగ్గించింది.

“సిలిండరు ఒక్కటే తల్లీ” అంది తోరిబియా, ఈసారి మెల్లగా. “రెండుంటే నేనూ సి నొక్కేదాన్నే.”

ఆఖరి మంగళవారం వచ్చింది. ఆ రోజు పాఠం లేదు, సందేహాలు అడగడమే. పొద్దుట్నించీ వడగళ్ళు. తోరిబియా నెత్తిన ప్లాస్టిక్ కప్పుకుని, దుంపలతో పాటు క్లిప్పు, లుస్మిలా కార్డు కూడా రొమ్ములో దోపుకుని ఎక్కింది. డాక్టరు ఇంకా నమస్కారాలు చెప్తుండగానే మైకు తెరిచేసింది.

“డాక్టర్ గారూ, తోరిబియాని, పుకాపంప. రెండు నిమిషాలు కావాలి.”

“అమ్మా, ప్రశ్నలు చాట్లో పెట్టండి.”

“ఏడుసార్లు పెట్టాను. చాట్ పైకి పోతుంది, నేను ఇక్కడే ఉండిపోతున్నాను.”

నవ్వులు. డాక్టరు కూడా కొంచెం నవ్వాడు. “సరే, చెప్పండి.”

తోరిబియా వేలు చంకలోంచి తీసి కెమెరా ముందు పెట్టింది. “ముందు వేలు వెచ్చబెట్టాలి. చల్లటి వేలికి పెడితే ఇది అబద్ధాలాడుతుంది. ఇది మీ పాఠంలో లేదు, రాసుకోండి.” క్లిప్పు పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. “ఎంతుంది? చదవండి.”

“ఎనభై ఆరు” అన్నాడు డాక్టరు.

“పొద్దున ముప్పై మందికి టీకాలేశాను. వడగళ్ళలో కొండెక్కాను. మీ లెక్కన నేనిప్పుడు ఆక్సిజన్ పెట్టుకుని లారీలో ఉండాలి. పడుకోమంటారా?”

“నాకు ఎనభై నాలుగు!” అని హిలారియో అరిచాడు. ఆయన వేలూ తెరమీదకొచ్చింది. “పడుకుంటే జీతమిస్తారా డాక్టర్ గారూ?”

ఆ తర్వాత ఎవరూ ఆపలేకపోయారు. ఒక్కో గడిలో ఒక్కో వేలు. మసి వేళ్ళు, పగిలిన వేళ్ళు, ఉంగరంలా దారం చుట్టుకున్న వేలు ఒకటి, కాన్పు గది నించి తొడుగుతోనే వచ్చిన వేలు ఒకటి. ఎనభై ఐదు, ఎనభై ఎనిమిది, ఎనభై రెండు. మధ్యలో తీరం నించి ఎవరో అమ్మాయి, “నాకు తొంభై ఎనిమిది, ఏమీ అనుకోకండి” అంది. “నువ్వు జాగ్రత్తమ్మా, మరీ ఎక్కువుంది” అన్నాడు హిలారియో.

డాక్టర్ ఉగార్తె కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి.

“అమ్మా, ఎత్తు సంగతి నాకు తెలియదనుకోకండి. ఈ కోర్సు దేశం మొత్తానికి ఒక్కటే. తీరంలో ఎనభై ఏడున్న పిల్లని ఇంటికి పంపితే ఆ పిల్ల చచ్చిపోతుంది. అందరికీ కలిపి ఒక అంకె పెట్టాలంటే...”

“ఎందుకు పెట్టాలి? దేశమంతా ఒకే సైజు చెప్పులు పంచుతారా?”

“మీ పిల్లలకి ఎంతుంటుందో మీకెలా తెలుసు? అనుభవం అంటే కమిటీ ఒప్పుకోదు.”

తోరిబియా లుస్మిలా కార్డు తీసి చూపించింది. మూలన పెన్సిల్ అంకెలు, నెల నెలా. ఎనభై ఏడు, ఎనభై ఆరు, ఎనభై ఏడు. డాక్టరు తెరకి దగ్గరగా వంగాడు.

“ఇది మీకెవరు నేర్పారు?”

“గొర్రెలు.”

ఈసారి డాక్టరు నవ్వలేదు. “ఎంతమందికి రాశారు?”

“మా ఊళ్ళో అందరికీ. ముప్పై ఎనిమిది.”

“చాలదు. మీ కేంద్రం కిందున్న పల్లెలన్నీ కావాలి. ఒంట్లో బాగున్న పిల్లలు మాత్రమే. పేరు, వయసు, అంకె. పదిహేనో తేదీలోపు పంపితే కమిటీ ముందు పెడతాను. ప్రశ్న మారుతుందని మాటివ్వలేను. మీ పరీక్ష కూడా ఆ రోజే మూసేస్తారు, అది నా చేతిలో లేదు.”

“మిమ్మల్ని మాట అడగలేదు” అంది తోరిబియా. “చూడమన్నాను, చూశారు.” ఫోను కట్టేసి దుంప తింది.

పుకాపంప కాక మా కేంద్రం కింద నాలుగు పల్లెలున్నాయి. చేతిలో పదిహేను రోజులు. తోరిబియా ఒక స్కూలు నోటుపుస్తకం తీసుకుని బయల్దేరింది. తీరిక దొరికినప్పుడు ఒడాలిస్ కూడా వెంట పడింది, రొప్పుతూ, ప్రతి మలుపు దగ్గరా కూర్చుంటూ.

మొదటి పల్లెలో ఆ వారం ఉన్నికి రంగులేస్తున్నారు. పిల్లల వేళ్ళన్నీ గోళ్ళతో సహా ఊదా రంగు. క్లిప్పు పెడితే ఒకడికి అరవై, ఒకడికి తొంభై తొమ్మిది. “ఇది వేళ్ళని కాదు, రంగుని చూస్తోంది” అని మేజోళ్ళు విప్పించి కాలి వేళ్ళకి పెట్టింది. మట్టి కడగడానికే సగం రోజు పట్టింది.

రెండో పల్లెలో ఆడవాళ్ళు పిల్లల్ని దుప్పట్లలో దాచేశారు. ఆ ఎర్ర దీపం పిల్లల ఒంట్లో కొవ్వు పీల్చేస్తుందని, ఆ కొవ్వుని పట్నంలో అమ్ముతారని ఎవరో అన్నారట. తోరిబియా గుమ్మం ముందు నేలమీద కూర్చుని తన పొట్ట మీద కొట్టుకుంది. “ఇరవై రెండేళ్ళుగా దీన్ని నేనే పెట్టుకుంటున్నాను. నా కొవ్వేమైనా తగ్గిందా? చూసి చెప్పండి!” ఒక ముసలావిడ ఫక్కున నవ్వి ముందు తన వేలు ఇచ్చింది. డెబ్బై తొమ్మిది.

“నేనింకా ఎన్నేళ్ళుంటానే?”

“దీనికంత తెలివి లేదమ్మా. మీ కోడల్ని అడగండి.”

ముసలావిడ తర్వాత పిల్లలు వరసకట్టారు. మూడో పల్లె వానలో చేసింది. మూడు పల్లెలూ, మా ఊరూ కలిపి నూట యాభై రెండు మంది పిల్లలు. అందరికంటే తక్కువ ఎనభై ఒకటి, అందరికంటే ఎక్కువ తొంభై ఒకటి. తొంభై రెండు ఒక్కరికీ లేదు. ఒక్కరికీ!

మిగిలింది హతున్‌పాత. ఏటికి అవతల, ఆరు ఇళ్ళు, పదకొండు మంది పిల్లలు. అందరికంటే ఎత్తున ఉండేది వాళ్ళే. అందుకే ఆ అంకెలు అన్నిటికంటే ముఖ్యం అంటుంది తోరిబియా. పద్నాలుగో తేదీ పొద్దున ఏటి దగ్గరకి వెళ్ళేసరికి రాత్రి వానకి దుంగల వంతెన లేదు. ఎర్రటి నీళ్ళు, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. అవతలి గట్టున తల్లులు పిల్లల్ని తయారుచేసి నిలబెట్టారు. మొహాలు కడిగి, తలలు దువ్వి, పొడుగు ప్రకారం. చేతులు ఊపుతున్నారు. తోరిబియా క్లిప్పు పైకెత్తి చూపించింది. ఏదో అరిచింది. లోయ దాటే ఆ గొంతు కూడా ఏరు దాటలేదు. మధ్యాహ్నం దాకా అటు వాళ్ళు, ఇటు ఈవిడ. నీళ్ళు తగ్గలేదు.

పదిహేనున దొడ్డి మూలకెక్కి నూట యాభై రెండు పేర్లూ పేజీ పేజీ ఫొటోలు తీసి పంపింది. తర్వాత పరీక్ష తెరిచింది. ఆఖరి అవకాశం. అనక్లెతో కూడా వెంట వెళ్ళాడు, వెనక నిలబడి చూశాడు. పదిహేడు వచ్చింది.

“ఏమంటావు?” అంది వెనక్కి తిరక్కుండా.

ఆయన పక్కకొచ్చి చతికిలబడ్డాడు. “ఆ మగబిడ్డని కట్టుకుని వెళ్ళింది నువ్వు. నన్నడగకు. నొక్కు.”

బి నొక్కింది. ఎరుపు.

డాక్టరు రెండు ముక్కలు రాశాడు: “అందింది. మార్చిలో కమిటీ కూర్చుంటుంది.” పైవాళ్ళు ఒక ముక్క కూడా రాయలేదు, డిసెంబరు ఆఖరుకి కాంట్రాక్టు అయిపోయిందంతే. తోరిబియా తాళాలు అప్పజెప్పడానికి వెళ్తే ఒడాలిస్ సామాన్ల జాబితా ముందేసుకుని కూర్చుంది. మంచం రెండు, బరువు తూచేది ఒకటి, సిలిండరు ఒకటి, నిండా ఉంది. క్లిప్పు దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆపింది.

“ఎన్ని పల్లెలు మిగిలాయి తోరిబియమ్మా?”

“ఒకటి.”

ఒడాలిస్ జాబితాలో ఇలా రాసింది: “క్లిప్పు ఒకటి, పనిలో ఉంది.” రాసి, క్లిప్పుని ఆవిడ చేతిలోనే పెట్టి వేళ్ళు మూసింది. కేంద్రానికి వచ్చే నెలలో కొత్తది వస్తుందిలే అంది.

ఇప్పుడు ఫిబ్రవరి. తోరిబియా మందతో పైబయళ్ళలో ఉంటోంది. ఏటి చప్పుడు వినపడే చోటే కావాలని దొడ్డి కట్టుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి నీళ్ళు చూసి పోతుంది. ఎవరైనా “ఇంకా ఎందుకే, ఉద్యోగం పోయింది కదా?” అంటే “ఉద్యోగం వాళ్ళది. పిల్లలు వాళ్ళవా?” అంటుంది. నోటుపుస్తకం ఆఖరి పేజీలో హతున్‌పాత అని పైన రాసుంది. కింద పదకొండు పేర్లు, పక్కన వయసులు. మూడో గడిలో ఇంకా ఏమీ లేదు.